చుక్క ఉన్న పక్క

నేను ఒక పిన్నుని. పిన్ను అనగానే మీకు కాగితాలకు గుచ్చే గుండుసూదో, చీర కుచ్చిళ్ళకు పెట్టుకునే పిన్నీసో గుర్తొస్తుంది. వాటికీ నాకూ చుట్టరికం లేదు. నేను చిటికెన వేలంత పొడుగు, పెన్సిలంత లావు ఉన్న ఇనుప ముక్కని. ఒక పాత తెల్ల కారులో, స్టీరింగు పక్కన ఉండే గేరు కర్రకీ, దాని కిందినుంచి ఇంజను వైపు వెళ్ళే కడ్డీకీ నడుమ అడ్డంగా ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. అన్నేళ్ళూ నేను చేసిన పని కదలకుండా ఉండటమే. మనుషుల్లోనూ ఇదే పని చేసేవాళ్ళు ఉన్నారనీ, వాళ్ళకి పదవీ విరమణ నాడు శాలువా కప్పుతారనీ విన్నాను. నాకు ఎవరూ ఏమీ కప్పలేదు, గ్రీజు తప్ప.

నాకు రెండు కొనలు. ఒకటి లావు, ఒకటి సన్నం. తేడా కంటికి ఆనదు. వేలికి ఆనుతుంది, అదీ ఓపిగ్గా తడిమే వేలికి. లావు కొన మీద కొడితే బిగుసుకుంటాను. సన్నపు కొన మీద కొడితే ఊడి వస్తాను. నా శాస్త్రమంతా ఈ రెండు ముక్కలే. ఈ రెండు ముక్కల దగ్గర జరిగిన పొరపాటు వల్ల ఒక మనిషి పేరు పందొమ్మిదేళ్ళు చెడ్డపేరుగా తిరిగింది. ఆ సంగతి మొదటి రోజు నుంచీ తెలిసింది నాకు ఒక్కదానికే. నాకేమో నోరు లేదు.

నేను పుట్టింది చీరాల రైలుగేటు దగ్గర, ఒక రేకుల షెడ్డులో. అంతకు ముందు జన్మలో లారీ ఇంజనులో వాల్వు కాడని. ఆ జన్మ సరిగ్గా గుర్తు లేదు, చాలా వేడిగా ఉండేదని మాత్రం తెలుసు. వాల్వు తల కాలిపోతే పాత సామాను డబ్బాలో పడేశారు. అందులోంచి తీసి, తల కోసేసి, కాడలో ముక్క తెంచి నన్ను చేసినవాడు మీరావలి. అప్పటికి ఆయనకు నలభై నిండలేదు. చేతులు పెద్దవి, గొంతు అంతకన్నా పెద్దది. బండి వీధి మలుపు తిరుగుతుండగానే శబ్దం విని జబ్బు చెప్పేవాడు. మెకానిక్కు అంటే పలికేవాడు కాదు, మేస్త్రీ అనాలి.

మీరావలి గుంటూరులో తనకు పని నేర్పిన ఉస్తాదు దగ్గరనుంచి ఒక పద్ధతి పట్టుకొచ్చాడు. నాలాంటి పిన్ను చేసినప్పుడల్లా, దాని సన్నపు కొన మీద మొనదేలిన పంచితో ఒక చుక్క పొడవాలి. ఏళ్ళు గడిచాక గ్రీజూ దుమ్మూ గట్టిపడి, ఏది లావో ఏది సన్నమో తెలియకుండా పోతుంది. అప్పుడు పిన్ను తీసేవాడు చుక్క వెతుక్కుని ఆ పక్క కొడతాడు. రేపు ఆ పిన్ను ఎవరి చేతికి వస్తుందో ఏమో, వాడు తిప్పలు పడకూడదని ఉస్తాదు ఆలోచన. రైలుగేటు దగ్గర మిగతా షెడ్లలో ఈ చాదస్తం లేదు. ఈ షెడ్డులో మాత్రం కొత్తగా చేరినవాడికి మీరావలి మొదట చెప్పే మాట ఇదే. "చుక్క చూడు, చుక్క మీద కొట్టు. తతిమ్మాది నేను చూసుకుంటా."

మరిచిపోతానేమోనని ఆయన చుక్క ముందే పెట్టేవాడు. ఆ తర్వాత పిన్నుని వైసు కోరల మధ్య బిగించి, చుక్క ఉన్న కొనని ఆకురాయితో రాపి సన్నం చేసేవాడు. నా విషయంలోనూ చుక్క పెట్టాడు, వైసులో బిగించాడు, నాలుగు రాపులు రాపాడు. ఇంతలో ఇంటినుంచి కేరేజీ వచ్చింది. ఆ రోజు గోంగూర మాంసం. ఆకురాయి అక్కడే పెట్టి భోజనానికి వెళ్ళాడు. ఈలోపల ఎవరికో వైసు కావలసివచ్చి నన్ను ఊడదీసి బల్ల మీద పెట్టారు. భోంచేసి వచ్చిన మీరావలి తేన్చుకుంటూ నన్ను మళ్ళీ వైసులో బిగించాడు. తలకిందులుగా బిగించాడు. చుక్క వైసు కోరల్లో ఉండిపోయింది, చుక్కలేని కొన పైకి వచ్చింది. ఆయన దాన్నే గంటసేపు రాపి సన్నం చేశాడు. అలా నా చుక్క లావు కొనకు దక్కింది.

తర్వాతైనా చూసుకోలేదా అంటే చూసుకోలేదు. చుక్క పెట్టింది తానే, సన్నం చేసింది తానే, ఇంక చూడటానికేముంది? నన్ను వేళ్ళతో తడిమి, సన్నపు కొన ఎటుందో తెలుసుకుని, సరిగ్గానే దూర్చాడు. పైగా ఎంతో ముందుచూపుతో దూర్చాడు. కారులో నా ఒక కొన ఇంజను గోడ వైపు, నాలుగు వేళ్ళు పట్టే సందులో ఉంటుంది. అక్కడ సుత్తి ఆడదు. రెండో కొన బయటి పక్క, చెయ్యి తేలిగ్గా అందే చోట ఉంటుంది. తీసేవాడికి సులువుగా ఉండాలని, గేరు కర్రని బయటకు తీసి బల్ల మీదే పిన్ను బిగించి, సన్నపు కొన బయటి పక్కకి వచ్చేట్టు చేశాడు. అంత శ్రద్ధగలవాడు. ఆ శ్రద్ధంతా వృథా అయ్యేట్టు చుక్క మాత్రం గోడ వైపు సందులో దాక్కుంది.

ఆ కారు అప్పట్లో ఒక డాక్టరుగారిది. ఆయనకు మూడో గేరంటే మహా ఇష్టం. బయల్దేరడం మూడులోనే, మలుపు తిరగడం మూడులోనే, ఆసుపత్రి గేటులోకి దూరడమూ మూడులోనే. రోగుల దగ్గర నెమ్మది, కారు దగ్గర తొందర. అలా పదకొండేళ్ళు గడిచాక నా పక్కనున్న బుష్షు అనే ఇత్తడి ఉంగరం అరిగి, రెండో గేరు వేస్తే జారిపోవడం మొదలైంది. బుష్షు మార్చాలంటే నన్ను తీయాలి. కారు మీరావలి షెడ్డుకు వచ్చింది.

ఆ వేళ మీరావలి ఒంగోలులో మేనకోడలి నిఖాకు వెళ్ళాడు. పని ప్రభుదాసు చేతికి వచ్చింది. ప్రభుదాసు ఎనిమిదేళ్ళుగా ఆ షెడ్డులో ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, మాట తక్కువ. ఆదివారం గుడిలో డోలక్కు వాయించేవాడట. సుత్తి దెబ్బ కూడా అలాగే లెక్కగా పడేది. మేస్త్రీ చెప్పిన పద్ధతిని ఆ షెడ్డులో అందరికన్నా నిక్కచ్చిగా పాటించింది అతనే.

ముందు బయటి పక్క కొన చూశాడు. మట్టి పట్టి ఉంది. తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్దాడు. చుక్క కనపడలేదు. అప్పుడు చిన్న అద్దం తెచ్చి గోడ వైపు సందులో పెట్టి చూశాడు. చుక్క ఉంది. వేరే షెడ్డువాడెవడైనా అయితే బయటి పక్క రెండు దెబ్బలు వేసేవాడు, నేను ఊడి వచ్చేదాన్ని, కథ అక్కడితో అయిపోయేది. ప్రభుదాసు మేస్త్రీ మనిషి. చుక్క ఎక్కడుంటే అక్కడే కొట్టాలి. ఒక కడ్డీని కొడవలిలా వంచి, ఆ ఇరుకు సందులో దూర్చి, పక్కకు పడుకుని, చెయ్యి మెలితిప్పి కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టిన కొద్దీ నేను బిగుసుకున్నాను. ఇంకా కొట్టాడు. మోచేతులు దోక్కుపోయాయి. మధ్యాహ్నానికి నేను కూర్చున్న చిల్లు చుట్టూ ఉండే ఇనుప చెవి టప్పుమని పగిలింది.

సరిగ్గా అప్పుడే మీరావలి అత్తరు వాసనతో దిగాడు. డాక్టరుగారు కారు కోసం వచ్చి నిలబడి ఉన్నారు. పక్క షెడ్లవాళ్ళూ చేరారు.

"ఏ పక్క కొట్టావు?" అన్నాడు మీరావలి.

"చుక్క పక్కే కొట్టా మేస్త్రీ."

"చుక్క పక్క కొడితే రాకుండా ఎట్టా ఉంటది?"

మీరావలి వంగి చూశాడు. వంగినవాడికి కనిపించేది బయటి పక్క కొనే. అది తళతళా మెరుస్తోంది. బ్రష్షుతో రుద్దిన మెరుపది. ఆయనకు సుత్తి దెబ్బల మెరుపులా కనిపించింది. అద్దం అక్కడే ఉంది. సందులో పెట్టి చూస్తే, వంకర కడ్డీ చేసిన గాయాలు గోడ వైపు కొన మీద కనపడేవి. ఆయన అద్దం పట్టుకోలేదు.

"సులువుగా ఉందని ఈ పక్క కొట్టి బిగించావు. పైగా అబద్ధం చెబుతున్నావు. పని చెడగొట్టినా ఊరుకుంటా గానీ, అబద్ధం చెప్పేవాడికి నా షెడ్డులో చోటు లేదు."

ప్రభుదాసు సుత్తి కింద పెట్టాడు. చేతులు కిరసనాయిలుతో కడుక్కున్నాడు. పని చొక్కా విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అన్యాయమైపోయింది. ఇనుముకు బాధ ఉండదంటారు, నాకు ఆ పూట బాధే వేసింది. మేస్త్రీ మీద కోపం కూడా వచ్చింది. కానీ నేను చెయ్యగలిగింది ఏముంది? బిగుసుకుని కూర్చోవడమే కదా నా విద్య.

డాక్టరుగారు తొందరపడుతున్నారని, నన్ను కదపకుండానే మీరావలి పగిలిన చెవికి గ్యాసు వెల్డింగు పెట్టి, బుష్షు పక్కన ఒక వాషరు దూర్చి కారు పంపేశాడు. ఆ వేడికి నేను మరీ అంటుకుపోయాను.

మనుషుల మాటలకు చక్రాలుంటాయి. నేను ఊళ్ళు తిరుగుతుండగానే రైలుగేటు దగ్గర ఒక కొత్త మాట పుట్టింది. కష్టమైన పక్క వదిలేసి సులువైన పక్క కొట్టి పని చెడగొడితే దాన్ని "దాసు దెబ్బ" అనడం మొదలుపెట్టారు. మీరావలి కొత్తవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు చుక్క సంగతి చెప్పి, వెంటనే దాసు కథ చెప్పేవాడు. విన్నవాళ్ళు పక్క షెడ్లకు మోసుకుపోయారు. చివరికి టీ బంకులో గ్లాసు సరిగ్గా కడగకపోయినా దాసు దెబ్బే అయింది. ప్రభుదాసు మళ్ళీ ఏ కారు షెడ్డులోనూ పనికి కుదరలేదు. కుదరడానికి వెళ్ళినచోటల్లా అతనికంటే ముందు అతని పేరు చేరి ఉండేది. బాపట్ల వెళ్ళిపోయి కుట్టుమిషన్లు బాగుచేసుకుంటున్నాడని నాకు చాలా కాలానికి తెలిసింది.

డాక్టరుగారి తర్వాత కారు ఒక పెళ్ళిళ్ళ కంట్రాక్టరుకు పోయింది. ఆయన దానికి పూల దండలు చుట్టి పెళ్ళికొడుకులను ఊరేగించేవాడు. ఊరేగింపుకు మొదటి గేరు చాలు. కాబట్టి రెండో గేరు జారినా ఎవరికీ పట్టలేదు. వెనక సీటులో ఎంతమంది పెళ్ళికొడుకులు చెమటలు పట్టి కూర్చున్నారో లెక్కలేదు. తర్వాత ఊరేగింపులకు పైకప్పు లేని బళ్ళు వచ్చాయి. మా కారుని ఒక ఫంక్షను హాలు వెనక, వంట గిన్నెలు తోమే చోట నిలబెట్టేశారు. ఆరేళ్ళు అక్కడే ఉన్నాం. సాంబారు వాసన తప్ప మరో సంగతి లేదు.

అక్కడ మమ్మల్ని చూసింది హైమవతి టీచరుగారు. ఆడపిల్లల హైస్కూలులో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, అన్నేళ్ళూ బడికి నడిచే వెళ్ళి, రిటైరయిన మర్నాడే డ్రైవింగు నేర్చుకుంటానని ఇంట్లో ప్రకటించిన మనిషి. ఎవరి పెళ్ళికో వచ్చి, చెయ్యి కడుక్కోవడానికి హాలు వెనక్కి వెళ్ళి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, కొనేసింది. అందరూ కొత్త కారు కొనుక్కోమన్నారు. ఆవిడ చెవిన వేసుకోలేదు. రెండో గేరు నిలవడం లేదని, పాత మేస్త్రీ ఎవరున్నారని అడిగి, తాడు కట్టి లాగించుకుంటూ మీరావలి షెడ్డుకు తెచ్చింది.

పందొమ్మిదేళ్ళ తర్వాత ఆయన్ని చూశాను. అరవై ఎనిమిదేళ్ళు. గొంతు తగ్గింది, చేతులు మాత్రం ఇంకా పెద్దవే, కాస్త వణుకుతున్నాయి. షెడ్డు పని ఇప్పుడు అల్లుడు చూస్తున్నాడు. ఆ రోజు అల్లుడు లేడు. పాత కారు చూడగానే ముసలాయనకు ఊపు వచ్చింది. "దీని సంగతి నాకు తెలుసు టీచరమ్మగారూ. నేనే చూస్తా" అని లుంగీ ఎగ్గట్టి దిగాడు.

నా మీద డీజిలు పోసి కాసేపు నాననిచ్చాడు. అద్దం పెట్టి చుక్క వెతికాడు. గోడ వైపు దొరికింది. కడ్డీ వంచాడు. పక్కకు పడుకుని, ఇరుకులో చెయ్యి మెలితిప్పి కొట్టడం మొదలుపెట్టాడు. పందొమ్మిదేళ్ళ కిందట ప్రభుదాసు ఎలా కొట్టాడో అచ్చం అలాగే. నేను అప్పుడు ఎలా ఉన్నానో అచ్చం అలాగే ఉన్నాను.

హైమవతిగారు స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. కొన్న వస్తువు లోపల ఏముందో తెలుసుకోవాలి కదా అంది. పదకొండింటికి మీరావలి బయటికి వచ్చి, భుజం పట్టుకుని గోడకు చేరగిలపడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతోంది.

"ఇది దాసు దెబ్బ తిన్న పిన్ను, టీచరమ్మగారూ. అందుకే ఇంత మొండికేసింది."

"దాసు దెబ్బంటే?" అంది ఆవిడ.

మీరావలి కథ చెప్పాడు. ఎన్నోసార్లు చెప్పి చెప్పి నునుపుదేలిన కథ. చుక్క సంగతి, సులువు పక్క సంగతి, అబద్ధం సంగతి, ఏదీ వదల్లేదు. ఆవిడ అంతా విన్నది. లెక్క తప్పు చేసిన పిల్ల పలక చూస్తున్నట్టు కాసేపు కారు వైపు చూసింది.

"మీరు పొద్దుట్నుంచీ ఏ పక్క కొడుతున్నారు?"

"చుక్క పక్కేనమ్మా. మీరు చూస్తానే ఉన్నారుగా."

"చూస్తూనే ఉన్నాను. వచ్చిందా?"

"రాలా."

"మరి ఇప్పుడు ఎవరైనా వచ్చి, చుక్క పక్క కొడితే రాకుండా ఎలా ఉంటుంది, మీరు అబద్ధం చెబుతున్నారంటే, మీరు ఏం చెబుతారు మీరావలిగారూ?"

ఆవిడ గొంతు పెంచలేదు. మీరావలి చేతిలో ఉన్న వంకర కడ్డీ వైపు, రక్తం కారుతున్న తన మోచేతి వైపు చూసుకున్నాడు. ఆ రోజు ప్రభుదాసు మోచేతులు ఎలా ఉన్నాయో ఆయనకు అప్పుడు గుర్తొచ్చిందనుకుంటాను, మొహం పాలిపోయింది.

"ఆ చుక్క పెట్టింది ఎవరు?" అంది హైమవతిగారు, ఈసారి కాస్త మెల్లగా.

"నేనేనమ్మా."

ఆయన లేచి గ్యాసు దీపం వెలిగించి, నా చుట్టూ ఉన్న చెవిని వెచ్చబరిచాడు. సుత్తీ, తిన్నటి కడ్డీ తీసుకున్నాడు. ఈసారి బయటి పక్కకు వచ్చాడు. సులువైన పక్కకు. మొదటి దెబ్బకు నేను కిర్రుమన్నాను. రెండో దెబ్బకు కదిలాను. మూడో దెబ్బకు గోడ వైపు సందులో నుంచి జారి నేల మీద పడ్డాను. ముప్పై ఏళ్ళ తర్వాత నాకు గాలి తగిలింది.

మీరావలి నన్ను తీసి లుంగీ అంచుతో తుడిచాడు. కళ్ళు మూసుకుని ఒక కొన తడిమాడు, రెండో కొన తడిమాడు. మళ్ళీ మొదటిది. కళ్ళు తెరిచి చుక్క చూశాడు. దాని మీద రెండు కాలాల దెబ్బలున్నాయి, ప్రభుదాసువీ, తనవీ. చుక్క లేని సన్నపు కొన మీద ఉన్నవి ఇప్పుడు తాను వేసిన మూడు దెబ్బలే. ఆ పక్క దాసు ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు.

"వాడు నిజమే చెప్పాడు" అని ఆయన నేల మీద కూలబడిపోయాడు. ఏడ్చాడు. హైమవతిగారు వేరే వైపు చూస్తూ కూర్చుంది. ఆయన ఏడుపు ఆగాక, మంచినీళ్ళ చెంబు అందించి, "ఆయన ఉన్నాడా?" అని అడిగింది.

"బాపట్లలో ఉన్నాడు."

"అయితే నయం" అంది ఆవిడ.

ఆ సాయంత్రం మీరావలి నన్ను అరచేతిలో పెట్టుకుని రైలుగేటు దగ్గర షెడ్లన్నీ తిరిగాడు. ప్రతిచోటా అదే మాట. "ఇది తడిమి చూడు. లావు ఎటుంది? చుక్క ఎటుంది? పెట్టింది నేను. దాసు చుక్క మీదే కొట్టాడు." కొందరు తడిమి నాలుక కరుచుకున్నారు. కొందరికి దాసు అంటే ఒక మనిషని ఆ రోజే తెలిసింది, అదేదో పనిముట్టు పేరనుకున్నారట. ఒకడు నవ్వబోయి మేస్త్రీ మొహం చూసి మానుకున్నాడు. జీవితంలో అన్ని చేతులు మారడం నాకు అదే మొదలు. టీ బంకువాడితో సహా ఎవర్నీ వదలకుండా ఆయన చూపించాడు. వయసైన మనిషి అలా తన తప్పుని చేతిలో పట్టుకుని వీధి తిరగడం చూస్తే, నాకు ఆయన మీద పాత కోపం కొంత తగ్గింది. మొత్తం తగ్గలేదు.

రెండు రోజులకు కొత్త బుష్షు, కొత్త పిన్ను పడ్డాయి. పిన్ను ఆయనే చేశాడు. రాపడమంతా అయ్యాకే చుక్క పెట్టాడు, తడిమి చూసుకుని మరీ పెట్టాడు. కారు తీసుకోవడానికి వచ్చిన హైమవతిగారు, "గేరు ఎలా ఉందో దూరం నడిపి చూడాలిగా. బాపట్ల దాకా వెళ్దామా?" అంది. మీరావలి నీళ్ళు నమిలాడు. ఆవిడకు లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. ఆయన భయం దాని గురించి కాదని ఇద్దరికీ తెలుసు. చివరికి నన్ను చొక్కా జేబులో వేసుకుని ఎక్కాడు. ముప్పై ఏళ్ళు ఆ గేర్ల బరువు మోసినదాన్ని, ఆ రోజు దొరసానిలా జేబులో కూర్చుని విన్నాను. రెండో గేరు పడింది, నిలిచింది. ఆవిడ బాపట్ల దాకా దాన్ని మార్చలేదు.

ప్రభుదాసు కొట్టు అతని ఇంటి ముందుగదే. గోడ పొడుగునా కుట్టుమిషన్లు. అతను గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఒక మిషను మీద పనిచేస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. చక్రం ఇరుసులోంచి ఒక పిన్ను తీయాలి, నాకు పది రెట్లు చిన్నది. అతను దాన్ని వేలితో తడిమాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. మళ్ళీ తడిమాడు. సుత్తి ఎత్తి, దించి, లోపలికి కేకేశాడు.

"కరుణా, ఇది సన్నమేనా?"

అతని భార్య కరుణమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. వేలితో తడిమింది. "సన్నమే. కొట్టు" అని, తల ఎత్తేసరికి గుమ్మంలో మీరావలి కనిపించాడు. రోజూ జరిగే పని కాబోలు, అంత మామూలుగా జరిగిపోయింది. మీరావలి మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

ప్రభుదాసు వెనక్కి తిరిగాడు. గుర్తుపట్టాడు. లేచి కుర్చీ జరిపాడు. "రండి మేస్త్రీ" అన్నాడు.

మీరావలి కూర్చోలేదు. జేబులోంచి నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. దారిపొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాడు, గొణుక్కోవడం నేను విన్నాను. అందులో ఒక్క మాటా రాలేదు.

"చుక్క నేనే తప్పు పెట్టా దాసూ."

ప్రభుదాసు నన్ను తీసుకున్నాడు. తడిమాడు. ఎక్కువసేపు తడిమాడు. తర్వాత భార్య చేతికి ఇచ్చాడు. ఆవిడ కూడా తడిమి, చుక్క చూసి, మొగుడి మొహం చూసింది.

"నేను చుక్క పక్కే కొట్టానా మేస్త్రీ?" అన్నాడు ప్రభుదాసు.

మీరావలికి అర్థంకాలేదు. "చుక్క పక్కే కొట్టావు. నువ్వు చెప్పింది నిజమే."

"మొదట్లో నాకు బాగా గుర్తే. అద్దం పెట్టింది, కడ్డీ వంచింది, అన్నీ. ఊరంతా సులువు పక్కే కొట్టావంటుంటే, కొన్నాళ్ళకి అనుమానం వచ్చింది. చుక్క మీద కొడితే రాకుండా ఉండదు గదా, మీరు చెప్పింది అదే గదా. కొట్టలేదేమో, కొట్టాననుకున్నానేమో అనుకున్నా. తప్పు నాదేనని ఈవిడతోనూ చెప్పా. అప్పట్నుంచీ నా వేలి మీద నాకు నమ్మకం పోయింది."

ఉద్యోగం పోయినందుకో, పేరు పోయినందుకో నాలుగు మాటలంటాడని మీరావలి సిద్ధపడి వచ్చాడు. ఈ మాటకు సిద్ధపడి రాలేదు. ఆ ముసలాయన చేతులు జోడించాడు. ప్రభుదాసు ఆ చేతులు పట్టుకుని దించాడు గానీ, ఫరవాలేదని మాత్రం అనలేదు. నేనూ అనేదాన్ని కాదు.

కరుణమ్మ కారులో కూర్చున్న టీచరుగారిని లోపలికి పిలిచి టీ పెట్టింది. తాగుతున్నంతసేపూ కుట్టుమిషన్ల మాటే నడిచింది. లేచేముందు ప్రభుదాసు చిన్న వైసులో నన్ను నిలువుగా బిగించాడు, సన్నపు కొన పైకి. పంచీ, సుత్తీ తీసి మీరావలి ముందు పెట్టాడు.

"పెట్టండి మేస్త్రీ."

మీరావలి సుత్తి ఎత్తి కొట్టాడు. దెబ్బ నడిమధ్యన పడలేదు, ఓరగా పడింది. అయినా పడింది. "ఒకసారి షెడ్డు వైపు రా" అని వెళ్ళేటప్పుడు అడిగాడు. "చూద్దాం" అన్నాడు ప్రభుదాసు. ఇంతవరకూ వెళ్ళలేదు.

ఇప్పుడు నాకు రెండు కొనల మీదా చుక్కలున్నాయి. ఏ పక్క చూసినా చుక్కే కాబట్టి, ఏ పద్ధతి ప్రకారమూ నేను పనికిరాను. ప్రభుదాసు బల్ల సొరుగులో, బాబిన్ల నడుమ పడి ఉంటున్నాను. సొరుగు సగం తెరిచే ఉంటుంది, అన్నీ వినపడతాయి. రైలుగేటు దగ్గర ఇంకా ఎవరో ఒకరు అలవాటుకొద్దీ దాసు దెబ్బ అంటూనే ఉన్నారట, మాట తీసుకెళ్ళినంత తేలిగ్గా వెనక్కి తేవడం మనుషులకు చేతకాదు.

మొన్న ఒక టైలరు మిషను తెచ్చాడు. చక్రంలో పిన్ను అంటుకుపోయింది. ప్రభుదాసు దాన్ని ఒకసారి తడిమాడు. ఒక్కసారే. సుత్తి దెబ్బ పడిన చప్పుడు వినపడింది, పిన్ను రాలిన చప్పుడు వినపడింది. కరుణమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"నన్ను పిలవలేదే?" అంది.

"సన్నమే" అన్నాడు ప్రభుదాసు, తల ఎత్తకుండా.